దేశాధినేతల సంభాషణలూ, మన స్టేషను మీదుగా పోయే ఎర్రరాయీ

శృంగవరపుకోట రైల్వేస్టేషనులో కొండమీదికి పోయే బండి కొరకు నిరీక్షించిన వారందరూ ఒక దృశ్యమును తప్పక చూచి ఉంటారు. అనంతగిరి మలుపులు దిగి, శివలింగపురం, బొడ్డవర దాటి, ఎర్రని ముడి ఇనుపరాయి నిండిన గూడ్సుబండి ఒకటి ప్లాటుఫారము అదిరేటట్లు వచ్చి, కొత్తవలస వైపు సాగిపోతుంది. పెట్టెలు లెక్కించుట పిల్లల వినోదం. పెద్దలు ఆ ధూళి కళ్ళలో పడకుండా తుండుగుడ్డ అడ్డు పెట్టుకుంటారు. బండి పోతుంది. ఆ సంగతి అక్కడితో మరచిపోతాము.

బొర్రా గుహలు చూడబోవు సందర్భమున మాలో ఒక చిన్న తరగతి విద్యార్థి మాతో వచ్చిన అధ్యాపకుని అడిగినాడు: "మాస్టారూ, ఈ రాయంతా ఎక్కడికెల్తాది?" విశాఖ రేవుకనీ, ఒకప్పుడు అందులో చాలా భాగం ఓడలెక్కి విదేశాలకు పోయేదనీ ఆయన చెప్పినారు. "మరైతే ఈ బేరం ఎవులు కుదిర్చినారు?" అని వాడు మళ్ళీ అడిగినాడు. ఆ రెండవ ప్రశ్నకు మాలో ఎవరి వద్దనూ సమాధానం లేదు. ప్రపంచ రాజకీయాలను గూర్చి వక్తృత్వపు పోటీలలో బహుమతులు పొందిన వారమే గాని, మన ఊరి పట్టాలు ఎవరి సంభాషణ ఫలితమో మాకు తెలియదు. ఆ సిగ్గునుండి పుట్టినదే ఈ వ్యాసం.

భౌగోళిక రాజకీయమనగా నేమి?

ఒక దేశపు కొండలు, నదులు, రేవులు, గనులు, పొరుగుదేశాలు ఆ దేశపు రాజనీతిని ఏ విధంగా మలుస్తాయో పరిశీలించే శాస్త్రమునకు భౌగోళిక రాజకీయమని పేరు. పందొమ్మిదవ శతాబ్దపు చివర స్వీడను దేశపు పండితుడు రుడోల్ఫ్ చెలేన్ ఈ పదమును వాడుకలోనికి తెచ్చినాడు. 1904లో హాల్ఫర్డ్ మాకిండర్ లండనులో చేసిన ఉపన్యాసములో యూరప్, ఆసియాల నడిబొడ్డున ఉన్న భూభాగమే చరిత్రకు ఇరుసు వంటిదని వాదించినాడు. మన దేశంలో కె. ఎం. పణిక్కర్ 1945లో వెలువరించిన గ్రంథంలో, భారతదేశపు భవిష్యత్తు హిందూ మహాసముద్రముతో ముడిపడి ఉన్నదని హెచ్చరించినారు.

భూగోళం మారదు. కొండ ఉన్నచోటనే ఉంటుంది. అయితే ఆ కొండకు విలువ ఏర్పడుట, ఆ విలువను ఎవరు ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించుట మాత్రం మనుష్యుల మాటలవల్లనే జరుగుతుంది. కనుక భౌగోళిక రాజకీయంలో సగం భూగోళమైతే, మిగిలిన సగం సంభాషణ. పటమును చదువుట పాఠశాలలో నేర్పుతారు. సంభాషణను చదువుట మనమే నేర్చుకొనవలె.

ఎర్రరాయి వెనుక ఉన్న మాటలు

మొదట మన ప్రశ్నకే సమాధానం వెదకుదాము.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. విశాఖ రేవు తెరచి అప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు. ఆ జపాను యుద్ధంలో ఓడిపోయి నేలమట్టమైనది. స్వతంత్ర భారతదేశం 1952 జూన్‌లో జపానుతో ప్రత్యేకముగా శాంతిసంధి చేసుకొని, యుద్ధ నష్టపరిహారమును కోరక వదలుకొన్నది. ఓడినవాని మీద పగ పెట్టుకొనక పలుకరించిన ఈ మాట జపాను ప్రజల మనస్సులో నిలిచినది.

జపానుకు తిరిగి ఉక్కు పరిశ్రమ నిలబెట్టుకొనవలసిన అవసరం ఏర్పడినది. ఆ దేశంలో మేలిరకపు ఇనుపరాయి కొరత. మన బస్తరులో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బైలదిలా అనే కొండల వరుస ఉన్నది. ఎద్దు మూపురం వలె కనబడుటచే ఆ పేరు. 1930లలో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన క్రూక్‌షాంక్ ఆ కొండలు ఎక్కి, ఇనుపరాయి నిక్షేపాలను పద్నాలుగు భాగాలుగా గుర్తించి నివేదిక వ్రాసినాడు. ఆ నివేదిక ఇరవై సంవత్సరాలు బీరువాలో నిదురించినది. 1950ల నడుమ జపాను ఉక్కు మిల్లుల నిపుణుడు ఆచార్య ఉఎమురా దానిని చదివి, దాని విలువ గ్రహించి, 1957లో స్వయముగా బృందంతో బైలదిలాకు వచ్చినాడు.

అదే 1957 మే నెలలో జపాను ప్రధాని కిషి మన దేశానికి వచ్చినాడు. అక్టోబరులో నెహ్రూ జపాను వెళ్ళినారు. 1958లో జపాను ప్రభుత్వం తన చరిత్రలో మొట్టమొదటి యెన్ ఋణమును భారతదేశానికే మంజూరు చేసినది. అదే సంవత్సరం నవంబరులో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 1960లో కుదిరిన ఒడంబడిక ప్రకారం బైలదిలా నుండి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుండి 20 లక్షల టన్నులు ఇనుపరాయిని జపాను కొనుగోలు చేయవలెను. రాయి సముద్రము చేరవలెనన్న రైలు కావలె. అందుచేత కొత్తవలస నుండి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల మార్గమును తూర్పు కనుమలను తొలిచి నిర్మించినారు. ఏబదికి పైగా సొరంగాలు. శిమిలిగుడ వద్ద పట్టాలు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతాయి. 1968లో బైలదిలా గని పని ప్రారంభించినది. పెద్ద ఓడలు వచ్చుటకై విశాఖలో 1976లో బయటి రేవు సిద్ధమైనది. నేడు అదే బైలదిలా రాయి విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా అందుతున్నది.

ఇదీ, మా చిన్న మిత్రుని ప్రశ్నకు సమాధానం. "ఎవులు కుదిర్చినారు" అంటే ఒక్కరి పేరు చెప్పజాలము. ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని నివేదిక, ఒక ఆచార్యుని పఠనం, ఇద్దరు ప్రధానుల పరస్పర సందర్శనం, అధికారుల బేరసారాలు, ఇవన్నీ వరుసగా జరిగినవి. బాంబు వేసిన దేశమే పద్దెనిమిది సంవత్సరాల పిదప కొనుగోలుదారుగా వచ్చి, మన ఊరికి పట్టాలు రావడానికి కారణమైనది.

మాట్లాడువారు నాలుగు తెరగులు

ఈ ఒక్క ఉదాహరణ నుండి ఒక సూత్రం గ్రహించవచ్చును. అంతర్జాతీయ సంభాషణలలో నాలుగు తెరగుల మనుష్యులుంటారు.

మొదటివారు నాయకులు. వారు తలుపు తెరుస్తారు, లేదా మూస్తారు. వివరాలు వారికి తెలియకపోవచ్చును గాని, "కానిండు" అనే అధికారం వారిది. రెండవవారు రాయబారులు, అధికారులు. ప్రతి వాక్యమును, ప్రతి అంకెను తూచి వ్రాసేవారు వీరే. మూడవవారు నిపుణులు. నాయకుని పదవి ముగిసిన తరువాత కూడా నిపుణుని నివేదిక బ్రతికి ఉంటుంది. క్రూక్‌షాంక్ నివేదిక అందుకు సాక్ష్యం. నాల్గవవారు ఆ సంభాషణ ఫలితం అనుభవించే సామాన్యులు. వీరికి బల్ల వద్ద కుర్చీ ఉండదు. కొండలలో ఏ గ్రామాల మీదుగా ఈ పట్టాలు పోయినవో ఆ గ్రామాల గిరిజనుల సంతకం ఆ ఒడంబడికలో వెదకినా కానరాదు.

పత్రికలలో ఒక నాయకుని ఇంటర్వ్యూ చదివినప్పుడు, రేడియోలో ఒక నిపుణుని ప్రసంగం విన్నప్పుడు, ఈయన నాలుగింటిలో ఏ తెరగువాడు అని మొదట అడుగవలె. నాయకుడు తన ప్రజలు వినవలెనని మాట్లాడుతాడు. అధికారి ఎదుటి ప్రభుత్వం వినవలెనని మాట్లాడుతాడు. నిపుణుడు తన విషయము చెబుతాడు గాని, దాని మూల్యం ఎవరు చెల్లిస్తారో ఒక్కొక్కప్పుడు చెప్పడు. ఆ మూల్యం మాట నాల్గవవాని నోట వినవలసినదే.

రెండు సంభాషణలు

ఒక్కొక్కప్పుడు ఒకే మనిషిలో ఇద్దరు కలిసి ఉంటారు. 1931 నుండి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1949లో మాస్కోకు మన రాయబారిగా వెళ్ళినారు. అంతకుముందున్న రాయబారిని స్టాలిన్ ఒక్కసారి కూడా కలుసుకొనలేదు. ఈ తత్త్వశాస్త్రాచార్యుని మాత్రం 1950 జనవరిలో, మరల 1952 ఏప్రిల్‌లో పిలిపించి మాట్లాడినాడు. కళింగ యుద్ధంలో విజయం సాధించి, ఆ రక్తపాతమునకు వగచి, యుద్ధమునే త్యజించిన చక్రవర్తి ఒకడు మా దేశంలో ఉన్నాడని రాధాకృష్ణన్‌గారు స్టాలిన్‌కు గుర్తు చేసినారని చరిత్రకారులు వ్రాసినారు. ఆ కళింగం మన నేలయే గదా! భయపడక, ముఖస్తుతి చేయక, ఎదుటివానికి ఆలోచింపదగిన ఒక మాట వదలి వచ్చుట ఎట్లో ఈ సంభాషణ నేర్పుతుంది.

రెండవది విఫలమైన సంభాషణ. 1950 అక్టోబరు 2వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప పెకింగులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై మన రాయబారి పణిక్కర్‌ను నిదుర లేపి పిలిపించినాడు. అమెరికా సేనలు కొరియాలో 38వ అక్షాంశ రేఖ దాటి ఉత్తరానికి వస్తే చైనా యుద్ధంలో ప్రవేశిస్తుందని చెప్పినాడు. ఆ కబురు ఢిల్లీ మీదుగా వాషింగ్టను చేరినది. చేరినా అక్కడివారు నమ్మలేదు. ఆ నెలలోనే చైనా సేనలు యాలూ నది దాటినవి. యుద్ధం 1953 జూలై వరకు సాగినది. సంభాషణలో చెప్పుట ఎంత ముఖ్యమో, వినుట అంతకంటె ముఖ్యమని ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ఒక చిన్న పదం

మన కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండు భాషలవారమూ ఒకే బల్లమీద కూర్చుండి చదువుతున్నాము. కనుక భాషను గూర్చిన ఈ ఉదాహరణ మనకు ప్రత్యేకముగా ఉపయోగిస్తుంది.

1967 జూన్ యుద్ధం తరువాత, అదే సంవత్సరం నవంబరు 22న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానం ఆమోదించినది. ఇజ్రాయెల్ సేనలు ఆక్రమిత భూభాగాల నుండి వైదొలగవలెనని అందులోని ఒక వాక్యం. ఇంగ్లీషు ప్రతిలో భూభాగాలు అనే మాటకు ముందు 'ది' అనే అక్షరం లేదు. ఫ్రెంచి ప్రతిలో ఆ స్థానంలో నిశ్చయార్థకము ఉన్నది. 'ది' లేదు గనుక అన్ని భూభాగాల నుండి కాదని ఇజ్రాయెల్ వాదన. ఫ్రెంచి ప్రతి ప్రకారం ఆక్రమించిన యావత్తు భూభాగమూ అని అరబ్బు దేశాల వాదన. అర్ధ శతాబ్దం గడచినా ఈ తగవు తీరలేదు. ఆ లోపమును మధ్యవర్తులు తెలిసియే ఉంచినారు. రెండు పక్షాలూ ఒప్పుకొనుటకు వీలైన అస్పష్టత వారికి ఆనాడు అవసరమైనది.

విచిత్రమేమనగా, తెలుగులో గాని ఉర్దూలో గాని ఆ 'ది'కి సమానమైన పదమే లేదు. మనము ఆ తీర్మానమును మన భాషలలో చదివితే తగవు ఎక్కడ ఉన్నదో కూడా కనబడదు. కనుక ఒక సంయుక్త ప్రకటనను అనువాదంలో చదివినప్పుడు, మూలంలో ఏమున్నదో విచారించుట విద్యార్థి ధర్మం. "అరమరికలు లేకుండా చర్చించినారు" అని ప్రకటనలో ఉంటే, ఇద్దరికీ పొసగలేదని రాయబార భాషలో అర్థం. ఏ విషయము ప్రస్తావనకు రాలేదో గమనించుట, వచ్చిన విషయాలను గమనించుట వలెనే అవసరం.

మన జాలరుల కథ

ఇంతవరకు చెప్పినది దూరపు సంగతులని ఎవరైనా తలచవచ్చును. 2018 నవంబరు చివర శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరగ్రామాల జాలరులు ఇరవైమందికి పైగా పాకిస్తాను జెయిలు పాలైనారు. మన తీరంలో బ్రతుకుతెరువు చాలక, వీరు ఏటా గుజరాతులోని వేరావల్ రేవుకు వలసపోయి అక్కడి పడవలలో కూలికి చేపలు పడతారు. వేటలో సముద్రసరిహద్దు దాటినారని పాకిస్తాను అధికారులు పట్టుకొన్నారు. ఇళ్ళ వద్ద ఆడవారు అధికారుల చుట్టూ తిరిగినారు. 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి స్వదేశం చేరినారు. ఈ ఉదంతం ఆధారంగా 2025లో 'తండేల్' అనే చలనచిత్రం వచ్చినది. తండేలనగా పడవకు పెద్ద.

ఆ సరిహద్దు నీటిమీద ఎందుకు స్పష్టముగా లేదు? దానికి కారణం సర్ క్రీక్ అనే బురదకాలువ. కచ్‌కూ సింధుకూ నడుమ సుమారు 96 కిలోమీటర్ల పొడవున్న ఆ పాయలో సరిహద్దు తూర్పుగట్టు వెంబడి పోతుందని పాకిస్తాను, నడిపాయ వెంబడి పోతుందని భారతదేశం వాదిస్తున్నాయి. రెండు పక్షాలకూ ఆధారం 1914 నాటి బొంబాయి ప్రభుత్వపు తీర్మానమూ, దాని పటమూ. గట్టు వద్ద గీత ఎక్కడ నిలుస్తుందో తేలనిదే సముద్రంలోనికి గీత గీయుటకు వీలులేదు. 1989 నుండి 2012 వరకు పలుమార్లు చర్చలు జరిగినవి. 2007లో రెండు దేశాల సర్వేదారులు కలసి కొలిచినారు. నిపుణుల పని ముగిసినది, నాయకుల మాట కుదరలేదు. ఆ మాట కుదరనందుకు మూల్యం చెల్లించినవారు మన తీరపు కూలిజాలరులు. ఇదీ నాల్గవ తెరగువాని సంగతి.

అయినను మాట పూర్తిగా ఆగిపోలేదు. 2008 మే 21న కుదిరిన ఒడంబడిక ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ వద్దనున్న ఎదుటి దేశపు ఖైదీల, జాలరుల జాబితాలను ఇచ్చిపుచ్చుకొంటాయి. 2025 మే నెలలో రెండు దేశాలకూ సాయుధ ఘర్షణ జరిగినది. అయినను అదే సంవత్సరం జూలై 1న జాబితాలు చేతులు మారినవి. నాయకులు ముఖాలు చూచుకొననప్పుడు కూడా ఒక గుమాస్తా ఆ కాగితం తయారుచేసి పంపుతాడు. ఒక తల్లికి తన కొడుకు బ్రతికి ఉన్నాడని తెలియుటకు ఆ కాగితమే ఆధారం. మహాసభలలో చేసే ఉపన్యాసాలకంటె ఈ చిన్న జాబితా విలువ తక్కువది కాదని మా అభిప్రాయం.

మరొక తరమువారి అనుభవమూ ఉన్నది. ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వేలాదిమంది రంగూను ధాన్యపుమిల్లులకు, రేవుకు కూలికి పోయినారు. 1942లో జపాను దాడికి కాలినడకన తిరిగి వచ్చినవారున్నారు. 1962లో నెవిన్ అధికారం చేజిక్కించుకొని, 1964లో దుకాణాలను జాతీయం చేసినప్పుడు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చినవారున్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ నిలిచి ఉన్నది. ప్రభుత్వాలు మాట్లాడుకొన్నవి, పునరావాసం కొంత లభించినది. కాని రంగూనులో విడిచిన ఇల్లు ఏ ఒడంబడిక తిరిగి ఇప్పించలేకపోయినది.

మనము చేయదగినది

పాఠక మిత్రులారా, కళాశాల సంఘ సభ్యులారా! ప్రపంచ వ్యవహారాలను గూర్చి మాట్లాడుటకు ఢిల్లీలోనే ఉండనక్కరలేదు. మేము కోరునవి పెద్ద కోరికలు కావు.

గ్రంథాలయపు గోడకు ఒక పెద్ద ప్రపంచ పటము, దాని పక్కన హిందూ మహాసముద్రపు పటము ఉంచవలెను. వారమునకు ఒక గంట, ఒకే వార్తను తెలుగు పత్రికలో, ఉర్దూ పత్రికలో, ఇంగ్లీషు పత్రికలో చదివి, మూడింటిలో ఏ మాట ఎట్లు మారినదో పోల్చుకొనవలెను. ఉర్దూ చదివిన మిత్రులకు సరిహద్దుకు ఆవలి పత్రికల భాష తెలియును. తెలుగు చదివిన మిత్రులకు మన తీరపు కుటుంబాల కథలు తెలియును. ఈ రెండూ ఒకచోట కూడిన కళాశాలలు ఎన్ని ఉన్నవి? ఈ సదవకాశమును మనము వినియోగించుకొనవలదా?

ఇక అతిథుల విషయం. ఏటా వార్షికోత్సవమునకు ఒక పెద్ద అధికారినో, ఆచార్యునో పిలుస్తున్నాము. మంచిదే. వారితోపాటు వేరావల్ వెళ్ళివచ్చిన ఒక జాలరిని, రంగూనునుండి తిరిగివచ్చిన కుటుంబములోని ఒక వృద్ధుని, ఈ కొండలైనుపై పనిచేసిన ఒక రైల్వే కార్మికుని కూడా అదే వేదికపై కూర్చుండబెట్టవలెనని మా మనవి. నిపుణుడు చెప్పినదానిని వారు విని, వారు చెప్పినదానిని నిపుణుడు వినవలె. నాల్గవ కుర్చీ ఢిల్లీలో వేయజాలకపోయినను, మన కళాశాలలో వేయగలము.

ప్రశ్న అడుగుట ఎట్లో కూడా అలవరచుకొనవలె. "ప్రపంచ శాంతిపై తమ అభిప్రాయమేమి?" అని అడిగితే ఎవరైనను మంచిమాటలే చెబుతారు. "ఆ రేఖ ఎక్కడ గీసినారు? ఎవరి పటము ప్రకారం? ఆ రేఖమీద ఉన్నవారిని అడిగినారా?" అని అడిగితే సంభాషణ మొదలవుతుంది. మా చిన్న మిత్రుడు స్టేషనులో అడిగినది అటువంటి ప్రశ్నయే.

ఈ పర్యాయము కొండబండి కొరకు వేచి ఉన్నప్పుడు ఎర్రరాయి బండి ఎదురైతే, పెట్టెలు లెక్కించుటతో ఆగక, ఆ రాయి ఏ కొండది, ఏ రేవుకు పోతున్నది, ఎవరి మాటమీద పోతున్నది అని పక్కనున్నవారితో రెండు నిమిషాలు మాట్లాడండి. మేమును అదే చేయ సంకల్పించినాము.